పాత కామిక్ హీరోతో కొత్త యానిమేషన్ సిరీస్: బ్లాక్ టెర్రర్‌ని కావలి మెడికల్ షాపులో కూర్చోబెడితే?

■ పెన్నా_పెన్సిల్ (నెల్లూరు)

పాత కామిక్ హీరో ఒకణ్ణి తీసుకుని మన జిల్లాలో పెట్టి, కొత్త యానిమేషన్ సిరీస్‌కి 90 సెకన్ల పరీక్ష ముక్క తీయాలనేది ఆలోచన. అది నిలబడితే ఒక్కోటి 11 నిమిషాల చొప్పున ఆరు ఎపిసోడ్లు. మనుషులు నలుగురు. సాఫ్ట్‌వేర్ ఓపెన్‌టూంజ్, క్రిటా, రెండూ ఉచితమే. బ్యాట్‌మ్యానా, సూపర్‌మ్యానా, ఇంకెవరన్నానా ముందు తేలాలి. ఆ తర్వాత కథలో ఏం మార్చాలి, బొమ్మ ఎట్టా ఉండాలి, ఎన్ని బొమ్మలు గీయాలి. "సూపర్ అన్నా, కుమ్మేయ్" లాంటి జవాబులు వద్దు. ఏది యాడ చెడుతుందో చెప్పండి చాలు.

■ కావలి_కాలమ్ (కావలి)

బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్ ఇద్దర్నీ పక్కన పెట్టేయండి. సూపర్‌మ్యాన్ 1938లో, బ్యాట్‌మ్యాన్ 1939లో అచ్చయ్యారు. అమెరికాలో 95 ఏళ్ల కాపీరైట్ గడువు లెక్కన ఆ తొలి కథలు 2034, 2035 జనవరి 1న గానీ అందరివీ కావు. "డబ్బు కోసం కాదు, అభిమానంతో చేశాం" అని కింద రాసుకుంటే అనుమతి వచ్చినట్టు కాదు. 1941 నుంచి 1943 దాకా వచ్చిన 17 సూపర్‌మ్యాన్ కార్టూన్లు కాపీరైట్ రెన్యువల్ చేయించకపోవడంతో పబ్లిక్ డొమైన్‌లో, అంటే ఎవరైనా వాడుకునేట్టు ఉన్నాయి. దాన్ని చూసి పాత్ర కూడా ఉచితమే అనుకుంటారు. కార్టూన్ ఉచితం, పాత్ర కాదు.

1964కి ముందు అమెరికాలో అచ్చయిన వాటికి 28వ ఏట రెన్యువల్ తప్పనిసరి. చిన్న ప్రచురణకర్తలు చాలామంది ఆ పని చేయలేదు. అట్టా మిగిలిన వాళ్లలో నా ఓటు బ్లాక్ టెర్రర్‌కి. 1941, నెడోర్ వాళ్ల 'ఎక్సైటింగ్ కామిక్స్' 9వ సంచిక. పేరు బాబ్ బెంటన్, వృత్తి మందుల షాపు. ఫార్మిక్ ఈథర్లు పీల్చి బలం తెచ్చుకుంటాడు. ఛాతీ మీద తెల్ల పుర్రె, ఎముకలు. వెంట టిమ్ అనే కుర్రాడు.

రెండు జాగ్రత్తలు. 2008లో డైనమైట్ సంస్థ 'ప్రాజెక్ట్ సూపర్‌పవర్స్'లో అతన్ని మళ్లీ తెచ్చింది. అందులో వాళ్లు కొత్తగా చేర్చిందేదీ ముట్టుకోవద్దు, 1940ల కథల్లో ఉన్నదే మనది. రెండోది పేరు. ట్రేడ్‌మార్క్ వేరే గొడవ. ఆ రోజుల్లో ఇంకో ప్రచురణకర్తకు డేర్‌డెవిల్ అనే హీరో ఉండేవాడు, ఇప్పుడు ఆ పేరు టైటిల్‌గా పెడితే మార్వెల్ ఊరుకోదు. కాబట్టి సిరీస్‌కి తెలుగు పేరు పెట్టండి. మన చట్టంలో గడువు రచయిత పోయాక 60 ఏళ్లు, అమెరికా లెక్క వేరు. డబ్బులొచ్చే చోట పెట్టేముందు ఈ విషయాలు తెలిసిన వకీలుకు ఒకసారి చూపించండి.

■ మైపాడు_అల (ఇందుకూరుపేట)

మందుల షాపతను హీరో అంటే సగం పని అయిపోయినట్టే. ఊళ్లో ఎవరికి ఏం జబ్బో, ఎవరింట్లో ఎవరు నిద్రపోవడం లేదో అన్నీ కౌంటర్ దగ్గరికే వస్తాయి. గోథంలో బ్యాట్‌మ్యాన్ మేడల మీద నిలబడి చూడాలి. ఇతను చీటీ చదివితే చాలు.

■ ఒంగోలు_ఫ్రేమ్స్ (ఒంగోలు)

అది సరే. కానీ పాత హీరోకి లుంగీ కట్టి, చేతికి చేపల పులుసు ఇచ్చి "మన నేటివిటీ" అంటే మాత్రం నేను లేను. అది వేషం మార్చడం, పాత్రను మళ్లీ రాయడం కాదు.

■ కావలి_కాలమ్ (కావలి)

బాగా అన్నారు. నిలబడిన మార్పులు చూడండి. బ్యాట్‌మ్యాన్ విలన్ మిస్టర్ ఫ్రీజ్ 1959లో మిస్టర్ జీరో అన్న పేరుతో వచ్చినప్పుడు మంచు తుపాకీ పట్టుకున్న ఒక దొంగ, అంతే. 1992 బ్యాట్‌మ్యాన్ సిరీస్‌లో 'హార్ట్ ఆఫ్ ఐస్' ఎపిసోడ్ రాసిన పాల్ డీని ఆ చలి సూటు, తుపాకీ అట్టాగే ఉంచి, జబ్బుపడిన భార్య నోరాను తెచ్చాడు. కారణం మారింది, మనిషి మారిపోయాడు. తర్వాత కామిక్స్ వాళ్లే ఆ కథను తీసుకున్నారు.

2024 ఆగస్టు 1న వచ్చిన 'బ్యాట్‌మ్యాన్: కేప్డ్ క్రూసేడర్' 1940ల వాతావరణంలో నడుస్తుంది. పెంగ్విన్ అనే విలన్‌ను ఓస్వాల్డా అనే ఆడమనిషిని చేశారు. జనం దాని గురించే మాట్లాడుకున్నారు గానీ కథ దానివల్ల పెద్దగా కదల్లేదని నా అభిప్రాయం. అదే సిరీస్‌లో బ్రూస్, అంటే ముసుగు లేని బ్యాట్‌మ్యాన్, తన ఇంటి నౌకరు ఆల్‌ఫ్రెడ్‌ను "పెనీవర్త్" అని ఇంటిపేరుతో పిలుస్తాడు. చెప్పుకోడానికి చిన్న మార్పే. వాళ్లిద్దరూ ఒక గదిలో ఉన్న ప్రతి సీనూ దానివల్ల బిగుసుకుంది. 2023 'మై అడ్వెంచర్స్ విత్ సూపర్‌మ్యాన్'లో లోయిస్‌కి మొదటి సీజన్ సగానికల్లా క్లార్కే సూపర్‌మ్యాన్ అన్న అసలు సంగతి తెలిసిపోతుంది. దశాబ్దాలుగా లాగిన దాగుడుమూతలు పోయి ఇద్దరి మధ్య మాటకు చోటు దొరికింది.

కాబట్టి మన ముందున్న ప్రశ్న ఇది: బెంటన్ చుట్టూ ఉన్న ఏ ఒత్తిడి మారితే అతను కావలి మనిషవుతాడు?

■ మందులచీటీ (కావలి)

ఆ ఒత్తిడి కరెంటండి. ఎందుకో చెప్తా.

పాత పుస్తకాల్లో ఫార్మిక్ ఈథర్ అంటే ఇథైల్ ఫార్మేట్. మరిగేది 54 డిగ్రీల దగ్గర, ఫ్లాష్ పాయింట్ సున్నాకి 20 డిగ్రీలు కింద. అంటే మామూలు గది వేడికే ఆవిరై, చిన్న నిప్పురవ్వకే అంటుకునే సరుకు. అమెరికా చలిలో బెంటన్ దాన్ని షెల్ఫులో పెట్టుకున్నాడేమో గానీ, రోహిణీ కార్తెలో కావలి రేకుల షెడ్డు కింద అది సీసాలో నిలవదు. చల్లగా ఉంచాలి. షాపులో చల్లనిది ఒకటే, ఇన్సులిన్, టీటీ పెట్టే 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్. అందులో పెడితే ఇంకో ప్రమాదం. మామూలు ఫ్రిజ్ లోపల థర్మోస్టాట్, లైటు స్విచ్ రవ్వలు కొడతాయి. మండే ఆవిరి లోపల చేరితే తలుపు ఎగిరిపోతుంది. ల్యాబుల్లో దీనికోసం లోపల రవ్వ పుట్టని ఫ్రిజ్‌లు వేరే ఉంటాయి.

కాబట్టి హీరో సీసా ఐసు పెట్టెలో ఉండాలి. మన దగ్గర ఐసుకు కొదవేంది? రొయ్యల పట్టుబడి రోజున, అంటే చెరువులోంచి పంట తీసే రోజున, ఐస్ ఫ్యాక్టరీ నుంచి లారీలకు లారీలు నలగ్గొట్టిన ఐసు పోతుంది. క్రేట్లలో ఒక థర్మోకోల్ పెట్టె ఎక్కువుంటే ఎవరూ అడగరు.

ఇప్పుడు అసలు ముడి. రొయ్యల చెరువులో రాత్రిపూట నాచు ఆక్సిజన్ ఇవ్వదు, పైగా అది కూడా తాగేస్తుంది. తెల్లారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. 4 పీపీఎం పైన ఉంటే దిగులు లేదు, 3 కిందికి పోతే రొయ్య పైకి తేలుతుంది. ఆ వేళ కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే, జనరేటర్ లేని రైతు పంట గంటల్లో పోతుంది. అదే కరెంటు ఐస్ ఫ్యాక్టరీకీ కావాలి, మన వాడి సీసాకీ కావాలి. రైతుకు అతను అవసరమయ్యే వేళా, అతని బలం ఆవిరయ్యే వేళా ఒకటే.

ఒక విన్నపం. తెరమీద కలిపే పద్ధతి, కొలతలు చూపించొద్దు. పీల్చితే అది బలం ఇవ్వదు, కళ్లూ ఊపిరితిత్తులూ మండిస్తుంది. పిల్లలు చూస్తారు.

■ పెన్నా_పెన్సిల్ (నెల్లూరు)

సార్, ఇంతకంటే ఏం కావాల. అయితే విలన్?

■ మందులచీటీ (కావలి)

రొయ్యల సాగులో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్‌లు నిషేధం. వాటి ఆనవాళ్లు దొరికితే విదేశాల్లో సరుకు తిప్పి పంపుతారు. వాటినే "ప్రోబయోటిక్" అని డబ్బా మీద రాసి రైతుకు అమ్మే మనిషిని విలన్ చేయండి. లేజర్ తుపాకీలు అక్కర్లేదు. అప్పుమీద మందు ఇస్తాడు, పట్టుబడి సరుకు తనకే అమ్మాలంటాడు, రేటు తనే కడతాడు. రైతు అతన్ని దేవుడంటాడు. బలం ఉండి ఏం చేస్తాడు మన వాడు? కొట్టడానికి మనిషి ఎదురుగా నవ్వుతా కూర్చోనుంటాడు.

సాక్ష్యం దొరికేది కూడా షాపు పనిలోనే. బిల్లులో బ్యాచ్ నంబర్ ఉంటుంది. షెడ్యూల్ హెచ్1 మందులకు వేరే రిజిస్టరు రాసి మూడేళ్లు ఉంచాలి. ఫ్యాక్టరీ డబ్బాల మీద బ్యాచ్, ఎక్స్‌పైరీ ఇంక్‌జెట్ చుక్కలతో పడతాయి. దొంగ డబ్బాల మీద రబ్బరు స్టాంపు, కొంచెం వంకర, వేలితో రుద్దితే చెరిగిపోతుంది. అది క్లోజప్‌లో రెండు సెకన్లు చూపిస్తే చాలు.

టిమ్ విషయం. పద్నాలుగేళ్ల లోపు పిల్లవాణ్ణి షాపులో పనికి పెడితే హీరోనే చట్టం తప్పినట్టు. డీఫార్మసీ చదివే అమ్మాయిని పెట్టండి. రెండేళ్ల కోర్సు, ఆపైన 500 గంటల ట్రైనింగ్ ఉంటుంది, ఆ గంటలు ఇక్కడ చేస్తోంది. రిజిస్టరు ఆమె చేతిలోనే ఉంటుంది గనక నిజం ముందు పట్టేది ఆమే.

■ మైపాడు_అల (ఇందుకూరుపేట)

ఇక బొమ్మ. ఛాతీ మీద పుర్రె, రెండెముకలు మనకు కొత్త కాదు. ప్రతి ట్రాన్స్‌ఫార్మర్ కంచెకూ వేలాడే బోర్డు అదే, అతి విషమైన పురుగుమందు డబ్బా మీద ఎర్ర త్రికోణానికి పైన ఉండేదీ అదే. అమెరికాలో అది సముద్రపు దొంగల గుర్తుగా కనిపిస్తే, ఇక్కడ "ముట్టుకుంటే పోతావు" అనే గవర్నమెంటు బోర్డులా కనిపిస్తుంది. అట్టాగే గీయండి. చేత్తో గీసిన కళాత్మక పుర్రె వద్దు, స్టెన్సిల్ పెట్టి ఎర్ర పెయింటు కొట్టినట్టు, ఒక అంచు కారినట్టు ఉండాలి. జనం పెట్టే పేరు కూడా అక్కడే దొరుకుతుంది: డేంజర్ బోర్డు.

ఆకారం: మామూలు మనిషి 7 తలల ఎత్తు, హీరో 8. అంతకుమించి పెంచితే మెడికల్ షాపు షట్టర్ కింద పట్టడు. భుజాలు వెడల్పు చేయకండి, ముంజేతులు లావు చేయండి. లైన్‌మన్ రబ్బరు గ్లౌజులు మోచేతి దాకా వస్తాయి, ఆ ఆకారం దూరం నుంచీ తెలుస్తుంది. పరీక్ష సులువు. బొమ్మను పూర్తిగా నల్లగా నింపి, బొటనవేలి గోరంత చేసి చూడండి. ఎవరో తెలిస్తే డిజైన్ నిలిచినట్టు.

గీతలు తగ్గించండి. 1997లో బ్యాట్‌మ్యాన్ సిరీస్ మళ్లీ మొదలైనప్పుడు బొమ్మలు డిజైన్ చేసిన బ్రూస్ టిమ్ బృందం ఛాతీ మీది పసుపు కోడిగుడ్డు ఆకారపు ముద్ర తీసేసింది, నీలం మెరుపులు తీసేసింది, కోణాలు పెంచింది. బొమ్మ వేరే దేశపు స్టూడియో చేతికి పోయినా మోడల్ తప్పకుండా ఉండాలంటే గీత తక్కువుండాలి. నలుగురు గీసే చోట కూడా అంతే. ముఖానికి 12 గీతలు మించొద్దు.

కేప్, అదే వీపు మీద వేలాడే గుడ్డ, కచ్చితంగా కావాలి.

■ ఒంగోలు_ఫ్రేమ్స్ (ఒంగోలు)

అక్కా, కేప్ వద్దు. నలుగురితో చేసే పనిలో సమయం మింగేది అదే. ఓపెన్‌టూంజ్ ప్లాస్టిక్ టూల్‌తో బొమ్మ మీద మెష్, అంటే వల, వేసి వంచితే భుజం దగ్గర చినిగినట్టు లాగుతుంది. ఆ భాగం వంగకుండా రిజిడ్ బ్రష్ కొడితే చినగడం ఆగుతుంది గానీ కింద గుడ్డ అట్టముక్కలా కదులుతుంది.

■ మైపాడు_అల (ఇందుకూరుపేట)

కేప్ లేకపోతే టీషర్టు వేసుకున్న మనిషి కనిపిస్తాడు తమ్ముడూ. మోకాలి దాకా నల్ల రెయిన్‌కోటు పెట్టు, బొత్తాలు విప్పి. తుపాను నెలల్లో ఎవరూ వింతగా చూడరు.

■ ఒంగోలు_ఫ్రేమ్స్ (ఒంగోలు)

రెయిన్‌కోటు అయితే ఒప్పుకుంటా. నడుము పైది ఒంటికే అంటుకుని ఉంటుంది, కిందది మాత్రమే ఎగరాలి. దానికి మెష్ వద్దు, విడి బొమ్మలు ఆరు గీసి మారుద్దాం: వేలాడేది, ఎడమకు, కుడికి, పైకి లేచింది, ఒంటికి చుట్టుకుంది, తడిసింది. నడుము తిరిగిన 3 ఫ్రేముల తర్వాత కోటు తిరగాలి. రెండూ ఒకేసారి తిరిగితే కోటు రేకులా కనిపిస్తుంది.

ఇక లెక్క. సెకనుకు 24 ఫ్రేములు. 90 సెకన్లకు 2160. ఒక్కో బొమ్మను రెండు ఫ్రేములు నిలిపితే 1080 బొమ్మలు. ఒక మనిషి రోజుకు 20 శుభ్రమైన బొమ్మలు గీస్తాడనుకుంటే 54 రోజులు, అదీ ఒట్టి క్లీనప్, అంటే రఫ్ బొమ్మ మీద శుభ్రమైన గీత గీయడం. ఇది కుదరదు. ఇట్టా విడగొడదాం:

నిలబెట్టిన బొమ్మ, కెమెరా కదలిక, నోరు మాత్రమే కదిలేవి 30 సెకన్లు. కీళ్ల బొమ్మతో, అంటే విడి ముక్కల రిగ్‌తో 40 సెకన్లు. పూర్తిగా చేత్తో గీసేవి 20 సెకన్లు. ఆ 20లో 16 సెకన్లు రెండేసి ఫ్రేములకు ఒక బొమ్మ, అంటే 192. మిగతా 4 సెకన్లు ప్రతి ఫ్రేముకూ ఒకటి, అంటే 96. మొత్తం 288. ఇద్దరు గీస్తే క్లీనప్ ఎనిమిది రోజులు. రఫ్‌కి ఇంకో ఎనిమిది వేసుకోండి.

ప్రతి ఫ్రేముకూ గీసే ఆ నాలుగు సెకన్లు హీరో బలం నిండుగా ఉన్నప్పుడే వాడాలి. 2018 'స్పైడర్‌మ్యాన్: ఇంటు ద స్పైడర్‌వర్స్'లో కొత్త స్పైడర్‌మ్యాన్ మైల్స్ నేర్చుకునే దశలో రెండేసి ఫ్రేములకు కదులుతాడు, పక్కనే అనుభవమున్న పాత స్పైడర్‌మ్యాన్ పీటర్ ప్రతి ఫ్రేముకూ కదులుతాడు. కారణం తెలియకపోయినా చూసేవాడి కంటికి తేడా తెలుస్తుంది. మనం దాన్ని తిరగేద్దాం. ఈథర్ అయిపోయే కొద్దీ రెండు, మూడు, నాలుగు ఫ్రేములకు ఒక బొమ్మ. బ్యాటరీ మీటరు గీయక్కర్లేదు, మనిషి కదలికలోనే బలం తగ్గిపోతుంది. పైగా గీయాల్సిన బొమ్మలు కూడా తగ్గుతాయి.

■ చీమకుర్తి_నల్లరాయి (చీమకుర్తి)

బ్యాక్‌గ్రౌండ్ల గురించి ఎవరూ మాట్లాడలా. కథంతా రాత్రే గదా.

1992 సిరీస్‌కి ఎరిక్ రాడామ్‌స్కీ నల్ల అట్ట మీద రంగులు వేయించాడు. తెల్ల కాగితం మీద చీకటి పూయడం కాదు, చీకటిలోంచి వెలుగు తీయడం. క్రిటాలో అదే పని: కాన్వాస్ నలుపు, కానీ పూర్తి నలుపు వద్దు. వెలుగు విలువ (వాల్యూ) 8 శాతం దగ్గర మొదలుపెట్టండి. వెలుగు తగిలే చోట్లు మాత్రం గీయండి: ఏరియేటర్ చక్రాల వెనక తెల్ల నురగ, చెరువు గట్టున ఎల్ఈడీ, హైవే హైమాస్ట్ దీపం, మెడికల్ షాపు ఆకుపచ్చ ప్లస్ గుర్తు. మిగతాది కన్నే పూర్తిచేసుకుంటుంది.

చెడేది ఇక్కడ. నల్ల కోటు హీరో నల్ల గట్టు ముందు నిలబడితే మాయమైపోతాడు. అతని వెనక పడే భాగం 20 శాతానికి తగ్గకూడదు. లేదంటే దీపం వైపు అంచున 3 పిక్సెళ్ల వెలుగు గీత ఇవ్వండి. రెండు వైపులా ఇచ్చారో స్టిక్కర్ అయిపోతాడు.

ఇంకోటి. చీకటి ఆకాశానికి పొడుగాటి గ్రేడియంట్ వేస్తే మన కంప్యూటర్‌లో బాగుంటది, యూట్యూబ్‌కి ఎక్కించినాక మెట్లు మెట్లుగా పడుద్ది. ఒకటి రెండు శాతం గ్రెయిన్ (సన్న ఇసక లాంటి చుక్కలు) కలిపితే మెట్లు పోతాయి. ఎక్కువ కలిపారో కంప్రెషన్ మొత్తాన్ని బురద చేసుద్ది. 1080పీకి 8 ఎంబీపీఎస్ యూట్యూబ్ వాళ్లు చెప్పే లెక్క, మీరు దానికి రెట్టింపు ఇచ్చి ఎక్కించండి. చివరిగా చౌక ఫోన్‌లో, బ్రైట్‌నెస్ సగం పెట్టి చూడండి. ఎక్కువమంది చూసేది అట్టనే.

మా బ్లాక్ గెలాక్సీ రాయి మీద బంగారు చుక్కలుంటాయి. ఆకాశానికి ఆ టెక్స్చర్ వాడదామని ఎవరైనా అంటారు, ముందే చెప్తున్నా. చుక్క 3 పిక్సెళ్ల కంటే చిన్నదైతే కెమెరా కదిలినప్పుడల్లా మిణుకుమంటది. కదలని షాట్‌కే వాడండి.

■ పెన్నా_పెన్సిల్ (నెల్లూరు)

తోలుబొమ్మల పద్ధతి ఎట్టుంటది అన్నా? వెనకనుంచి వెలుగు, కీళ్లు విడివిడిగా, చిల్లుల్లోంచి చుక్కలు. రిగ్‌కి కూడా సరిపోద్ది గదా.

■ చీమకుర్తి_నల్లరాయి (చీమకుర్తి)

సిరీస్ మొత్తానికి వద్దు. తోలుబొమ్మ ఎక్కువగా పక్కచూపులో ఉంటది, కౌంటర్ దగ్గర ఎదురెదురు మాటలకు ముఖం చాలదు. అతను ఈథర్ పీల్చిన ఆ రెండు సెకన్లకు మాత్రం పెట్టండి: ఒళ్లు మేకతోలులా పలచబడి ఎర్రగా వెలిగి, చిల్లుల వరస చీమల బారులా ఛాతీ నుంచి చేతికి పాకాలి. కొన్ని రకాల చీమలు కరిచి చిమ్మేదీ ఫార్మిక్ ఆమ్లమే గదా. చుక్కలకు కూడా ఆ 3 పిక్సెళ్ల లెక్కే.

■ కందుకూరు_గొంతు (కందుకూరు)

నమస్కారమండి. గొంతు, పెదాల సంగతి.

1992 సిరీస్‌లో కెవిన్ కాన్రాయ్ బ్రూస్‌కి ఒక గొంతు, బ్యాట్‌మ్యాన్‌కి ఒక గొంతు వాడాడు. చాలామంది ఇక్కడ సాఫ్ట్‌వేర్‌లో పిచ్ (శ్రుతి) తగ్గిస్తారు. మూడు సెమీటోన్లు దించేసరికి మనిషి గొంతు పోయి డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. దాని బదులు కౌంటర్ సీన్లు మైకుకు జానెడు దూరంలో, నిలబడి, నవ్వు కలిపి చెప్పించండి. ముసుగు సీన్లు నాలుగు వేళ్ల దూరంలో, కూర్చుని, గాలి తగ్గించి. ప, బ, భ కొట్టినప్పుడు మైకు పగలకుండా కొంచెం పక్కకు తిప్పి పెట్టాలి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. ఫ్యాను, ఫ్రిజ్ ఆపేయాలి.

యాస విషయంలో ఒకటి. డబ్బింగ్ సినిమాల్లోలా ముసుగు వేసుకోగానే పుస్తకాల తెలుగు మాట్లాడించకండి. కౌంటర్ దగ్గర "ఏందబ్బయ్యా, జరం యాడికి తగ్గింది" అనే మనిషి, ముసుగులో ఒకటి రెండు మాటలకు మించి మాట్లాడకూడదు. నోరు విప్పితే ఊరు పట్టేస్తుంది. ఆ భయమే అతన్ని మౌనిని చేయాలి.

పెదాలకు రూబార్బ్ లిప్ సింక్ ఉచితంగా దొరుకుతుంది. మామూలుగా అది ఇంగ్లీషు మాటలనుకుని వింటుంది, తెలుగుకు ఫొనెటిక్ రికగ్నైజర్ మోడ్ పెట్టాలి. ఆరు ప్రాథమిక ఆకారాలు, కావాలంటే ఇంకో మూడు. అది ఇచ్చింది అట్టాగే వాడకండి. తెలుగులో ద్విత్వాలెక్కువ. "అమ్మ", "అబ్బ", "డబ్బు" లాంటి వాటికి మూసిన పెదవి ఒక ఫ్రేము చాలదు, నాలుగైనా నిలవాలి. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, కాబట్టి వాక్యం అయ్యాక నోరు తెరుచుకునే ఉండిపోతుంది. మూసే బొమ్మ చివర విడిగా పెట్టాలి, లేకపోతే పాత్ర ఆవలించినట్టుంటుంది. ట, డ, ళ, ణ లోపల నాలుక పని, బయటికి కనపడదు, వాటికి వేరే బొమ్మలు వృథా. నోరు శబ్దం కంటే ఒక ఫ్రేము ముందు కదిలితే సరిగ్గా అనిపిస్తుంది, వెనకబడితే వెంటనే తెలిసిపోతుంది.

■ పెన్నా_పెన్సిల్ (నెల్లూరు)

అందరూ చెప్పింది కలిపి 90 సెకన్లకు షాట్లు ఇట్టా పెట్టా. ఎపిసోడ్ మధ్యలో వచ్చే ఘట్టం, ముందు కథ చెప్పే పని లేదు.

1. మెడికల్ షాపు, రాత్రి, సగం దించిన షట్టర్. 6 సెకన్లు, నిలిపిన బొమ్మ.
2. అమ్మాయి డబ్బా మీద స్టాంపును వేలితో రుద్దుతుంది. 4 సెకన్లు.
3. ఇద్దరి మాటలు. 20 సెకన్లు, నోరు మాత్రమే.
4. కరెంటు పోతుంది. ప్లస్ గుర్తు ఆరుతుంది. దూరంగా ఏరియేటర్ల చప్పుడు ఒక్కొక్కటే ఆగుతుంది. 8 సెకన్లు.
5. ఐసు పెట్టె. సగం నీళ్లు. సీసాలో కొంచెమే ఉంది. 8 సెకన్లు.
6. పీలుస్తాడు, తోలుబొమ్మ వెలుగు. 2 సెకన్లు.
7. హైవే మీద చీమకుర్తి నుంచి కృష్ణపట్నం పోయే లారీ, గొలుసు తెగి గ్రానైట్ బ్లాకు జారుతుంది, వెనక జనరేటర్ లాక్కుపోయే రైతు ఆటో. బ్లాకును ఆపుతాడు. 18 సెకన్లు.
8. చెరువు గట్టు. జనరేటర్ దించేసరికి కదలిక నాలుగేసి ఫ్రేములకు పడిపోయింది. 14 సెకన్లు, రిగ్.
9. ఏరియేటర్ తిరుగుతుంది. ట్రేలో విలన్ డబ్బా. 10 సెకన్లు.

■ ఒంగోలు_ఫ్రేమ్స్ (ఒంగోలు)

కూడితే 90 వచ్చింది, మంచిదే. రిగ్ సెకన్లు నా లెక్క కంటే తగ్గాయి, నిలిపిన బొమ్మలు పెరిగాయి. ఇబ్బంది లేదు. 3వ షాటు 20 సెకన్లు ఒకే ఫ్రేములో పెట్టొద్దు, మూడు ముక్కలు చేసి మధ్యలో రిజిస్టరు మీద చేతిని చూపించు. నోటి బొమ్మలు కూడా తగ్గుతాయి.

■ చీమకుర్తి_నల్లరాయి (చీమకుర్తి)

7కి బరువు లెక్క. బ్లాకు రెండున్నర మీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు పెట్టుకుంటే దాదాపు 5.6 ఘనపు మీటర్లు. నల్ల గ్రానైట్ ఘనపు మీటరు మూడు టన్నుల దరిదాపు, అంటే 17 టన్నులు. క్వారీలో డైమండ్ వైరుతో కోసిన ముఖం నున్నగా ఉంటది, మిగతా వైపుల డ్రిల్లు వేసిన గాట్లు నిలువుగా బారులు తీరి ఉంటాయి. ఆరు ముఖాలూ నున్నగా గీస్తే అది సబ్బుబిళ్ల. గొలుసు తెగేది మధ్యలో కాదు, అంచు కోసుకునే చోట.

■ మైపాడు_అల (ఇందుకూరుపేట)

రాయి సాగకూడదు, నలగకూడదు. సాగేదీ నలిగేదీ హీరో ఒళ్లే. కార్టూన్ అలవాటులో బండకు స్క్వాష్ ఇచ్చారో 17 టన్నులూ గాలికి పోయినట్టే.

■ ఒంగోలు_ఫ్రేమ్స్ (ఒంగోలు)

అవునక్కా. ఆ షాటులో బండ తగలగానే ఆగకూడదు. తగిలిన దగ్గర నుంచి 22, 24 ఫ్రేములు అతన్ని వెనక్కి తోసుకుపోవాలి, ప్రతి రెండు ఫ్రేములకూ జరిగే దూరం తగ్గుతూ. మడమల వెనక తారు ముడతలు పడి లేస్తుంది. ఆగాక 4 ఫ్రేములు అతని భుజాలు ఇంకొంచెం కిందికి దిగి మళ్లీ సర్దుకోవాలి. ముఖం మీద కష్టం చూపించకు, ఆ సమయంలో ముఖం కోటు చాటున ఉన్నా పరవాలేదు. బరువు పాదాల్లో కనిపించాలి. శబ్దం కూడా తగిలినప్పుడు చిన్నది, ఆగినప్పుడు పెద్దది.

పని వరస 1 నుంచి 9 కాదు. ముందు 7 రఫ్ చేయండి, రంగుల్లేకుండా, బ్యాక్‌గ్రౌండ్ లేకుండా, చప్పుడు మాత్రం పెట్టి. బండకు బరువు రాలేదనిపిస్తే మిగతా ఎనిమిదీ మొదలుపెట్టొద్దు, 7 మళ్లీ గీయండి. ఫైల్ పేర్లు షాటు నంబరు, వెర్షన్ నంబరు మాత్రమే. "ఫైనల్" అన్న మాట ఏ ఫైలుకీ పెట్టొద్దు. రఫ్ అయ్యాక ఇక్కడే పెట్టు, ఫ్రేము ఫ్రేమూ చూసి చెప్తాం.